సగం పాట, ఐదు కిలోల బెల్లం: పురానాపూల్ బర్రెల కొట్టంలో ఒక మధ్యాహ్నం

మా అవ్వ బర్రె పాలు పిండుతూ ఒక పాట పాడేది. అందులో నాకు రెండు వరుసలే వచ్చు. అరవై ఏళ్లుగా ఆ రెండే నోట్లో తిరుగుతున్నాయి. స్నానం చేస్తూ పాడతాను, అక్కడికే ఆగిపోతాను. "గాలి పట్టిన మోటరు లెక్క ఎప్పుడూ గాడనే ఆగుతవేందయ్యా" అంటుంది మా ఆవిడ. మూడో వరుస కోసం మా ఊళ్లో నలుగురిని అడిగించాను. పాలు ప్యాకెట్లో వస్తున్నాయి కదా, పాటెందుకు అన్నారట. చివరికి మా సంతోష్‌నగర్‌లో పాలు పోసే అతను ఒక మాట చెప్పాడు. పురానాపూల్ దగ్గర ఒక బర్రెల కొట్టంలో నెలనెలా రెండో శనివారం పాటల సంఘం కూర్చుంటుందట. నాట్ల పాటలు, పెళ్లి పాటలు, పాలు పిండే పాటలు, ఏవైనా పాడతారట. "పో. నోరు తెరిచి అడుగు" అంది మా ఆవిడ. నాకు కష్టమే అది. ఏడో తరగతి దాకా ఊరి బడిలో చదివాను. జవాబు తెలిసినా ఎన్నడూ లేవలేదు.

పదకొండింటికి సంతోష్‌నగర్‌లో అఫ్జల్‌గంజ్ బస్సెక్కాను. టికెట్టు ఇరవై ఐదు రూపాయలు, ప్రయాణం ముప్పావు గంట. అక్కడి నుంచి బెల్లం దుకాణాలుండే ఉస్మాన్‌గంజ్‌కు నడిచిపోవచ్చు. కొత్తగా వచ్చేవాళ్లు సంఘానికి అర్ధ కిలో బెల్లం తీసుకుపోవడం ఆనవాయితీ అని పాలతను చెప్పాడు. సగం చాయ్‌లోకి, సగం బర్రెలకు. ఒక దుకాణం ముందు నిలబడి బెల్లం అన్నాను.

"ఎన్ని బస్తాలు కాకా?" అన్నాడు సేటు.

"అర్ధ కిలో."

"గిది హోల్‌సేల్ కాకా. ఒక్క ముద్ద ఐదు కిలోలు. కోసి ఇయ్యం."

వద్దని చెప్పి బయటికి రావచ్చు. సేటు అప్పటికే ముద్దను గోనెపట్టాలో చుడుతున్నాడు. చుట్టే మనిషికి అడ్డం చెప్పడం నాకు చేతకాదు. రెండు వందల డెబ్బై రూపాయలు ఇచ్చి, ముద్దను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని రోడ్డు మీదికి వచ్చాను. మీరు వెళ్తే మాత్రం బెల్లం మీ వీధిలోనే కొనుక్కోండి.

ఆ బరువుతో బస్సెక్కలేక ఆటో పిలిచాను. డ్రైవరు పేరు యూసుఫ్. వంద అన్నాడు. ఎనభైకి వస్తారని తర్వాత తెలిసింది.

"కిదర్ జానా చాచా?"

"పురానాపూల్ దర్వాజా. బర్రెల కాడికి."

"కొంటవా?"

"లేదు. పాట వినడానికి."

అద్దంలో నా మొహం చూశాడు. ఒళ్లో ఉన్న మూట చూశాడు. కొంచెం దూరం పోయాక మెల్లగా అడిగాడు, "బర్రెలు పాడతయా చాచా?"

"మనుషులే పాడతరు."

"మరి బర్రెలేం చేస్తయి?"

"వింటయనుకుంట."

"అచ్ఛా" అన్నాడు. మూసీ దాటాం. కొట్టం ముందు నన్ను దింపి, మూట పట్టుకునే నెపంతో తనూ లోపలికి వచ్చాడు. ఐదు నిమిషాలు చూసి పోతానన్నాడు.

అప్పటికి పన్నెండున్నర దాటింది. కొట్టం పొడుగ్గా, రేకుల కింద చల్లగా ఉంది. పద్నాలుగు బర్రెలు వరసగా కట్టేసి ఉన్నాయి. వాటికి ఎదురుగా జంపఖానాలు పరిచి ముప్పై మంది దాకా కూర్చున్నారు. వర్క్‌షాపుల్లో పనిచేసేవాళ్లు, గుడిమల్కాపూర్‌లో పూలమ్మే ఆడవాళ్లు, మేస్త్రీలు. కొట్టం యజమాని మల్లేశమే సంఘానికి ప్రెసిడెంటు. నా మూట విప్పి ముద్దను చేత్తో ఎత్తి చూశాడు.

"ఐదు కిలోలా బాపు? గింత బెల్లం మాకెవ్వలూ తేలే." అక్కడున్న ఒకే ఒక్క కుర్చీ తెచ్చి అందరికంటే ముందు వేశాడు. "గీడ కూసో. ఇయ్యాల నువ్వే పెద్ద మనిషివి."

మూలన కూర్చుని వినిపోదామని వచ్చినవాణ్ని. ముప్పై మందికీ పద్నాలుగు బర్రెలకూ నడిమధ్య తెల్ల చొక్కాతో కూర్చున్నాను.

ఒంటిగంటకు మొదలుపెట్టారు. టికెట్టు లేదు, మైకు లేదు. చప్పట్లు కూడా లేవు, బర్రెలు బెదురుతాయట. దాని బదులు వాళ్లకు రెండు మాటలున్నాయి. పిండేవాళ్ల చేతికి బర్రె పాలు వదిలితే చేపింది అంటారు కదా. పాట బాగుంటే అందరూ కలిసి మెల్లగా "చేపింది" అంటారు. బాగా లేకపోతే "తన్నింది" అంటారు. మల్లేశం ముందుగా ఒక నాట్ల పాట అందుకున్నాడు. అయిపోగానే అందరికంటే ముందు అతని భార్యే అంది, "తన్నింది."

"ఇరవై ఏండ్ల సంది తన్నుతనే ఉన్నది" అన్నాడు మల్లేశం, ఏం బాధపడకుండా.

పూలమ్మే ఇద్దరు అక్కచెల్లెళ్లు పాడారు. చేపింది. ఒక మేస్త్రీ డప్పు వేళ్లతో మెల్లగా కొడుతూ పాడాడు. అదీ చేపింది. మధ్యలో మల్లేశం నా వైపు తిరిగాడు. కొత్తవాళ్లు ఒక పాటైనా పాడాలి, అది సంఘం రూలు.

"తర్వాత" అన్నాను.

ఇంకో ఇద్దరయ్యాక మళ్లీ అడిగాడు. మళ్లీ తర్వాత అన్నాను. మూడోసారి అడిగేసరికి లేచి నిలబడ్డాను. నోరు తెరిచాను. గొంతులోంచి ఏమీ రాలేదు. వెనకున్న బర్రె తోకతో నా వీపు మీద ఒక్కటి వేసింది. పేడతో సహా.

"గిప్పుడు నువ్వు మెంబరైనవు బాపు" అన్నాడు మల్లేశం. అందరూ నవ్వారు. నేనూ నవ్వి కూర్చున్నాను. నన్ను కాపాడడానికేమో, యూసుఫ్ లేచాడు. వాళ్ల పెళ్లిళ్లలో ఆడవాళ్లు ఢోలక్ మీద పాడే పాట, వియ్యపురాలిని ఆటపట్టించేది, వాళ్లమ్మ గొంతు పెట్టి పాడాడు. "చేపింది" అన్నారు. ఆ మాటకు అర్థం తెలిశాక అతను ఇంకో రెండు పాడాడు. ఆటో సంగతి మరిచిపోయాడు.

మూడింటికి పాటలు ముగిశాయి. పాలు పిండే వేళయింది. చాయ్ ఇచ్చారు, నా బెల్లంతోనే. జనం గ్లాసులు పట్టుకుని గేటు దగ్గరికి చేరారు. నేను పాడలేదు, అడగలేదు. ఇంటికి పోయి మా ఆవిడకు ఏం చెప్పాలో ఆలోచిస్తూ చివరి బర్రె దాకా నడిచాను. చేతిలో చిన్న బెల్లం ముక్క మిగిలింది. దాని నోటికి అందించాను. చుట్టూ చూశాను. ఎవరూ లేరు. దాని చెవి దగ్గర, స్నానం చేసేటప్పటి గొంతుతో పాడాను.

*పొద్దు గూకె రావమ్మ లచ్చుమమ్మ*
*పొదుగు నిండె నిలువమ్మ లచ్చుమమ్మ*

రెండుసార్లు పాడి ఆపాను.

"ఆపితివేంది? గిప్పుడే చేపుతున్నది" అంది బర్రె.

ఒక అడుగు వెనక్కి వేశాను. వంగి చూస్తే బర్రెకు అవతలి పక్కన, బకెట్టు మోకాళ్ల మధ్య పెట్టుకుని ఒక ముసలామె కూర్చుని ఉంది. మల్లేశం తల్లి, రాజవ్వ. పాటల వేళకు ఆమె కునుకు తీస్తుందట. పిండే వేళకే లేస్తుందట.

"నాకు గంతే వస్తది" అన్నాను.

"ఏ ఊరు నీది?"

"ఆలేరు దిక్కు."

"నాదీ గా దిక్కే. మరి అసలుది రాదంటవేంది?"

"లచ్చుమమ్మ మా బర్రె అనుకున్న."

"అందరి బర్రెలు లచ్చుమమ్మలే" అంది. బకెట్టులో పాల ధార ఆగకుండానే అడిగింది, "చిన్నప్పుడు మీ అవ్వ నీకు నురుగు పాలు పోసేదా?"

"పోసేది. గిలాసల."

"తాగి ఉరికేటోనివా?"

"ఆటకు ఉరికేటోణ్ని."

"అందుకే రాలే" అని నవ్వి, మిగతా సగం పాడింది.

*నురుగు దొంగ పోయిండమ్మ లచ్చుమమ్మ*
*దాసిన పాలిడువమ్మ లచ్చుమమ్మ*

నేను ఉన్నంతసేపూ పాడకూడని పాట అది. నురుగు దొంగను నేనే. నాకు గ్లాసు నింపి, నేను వాకిలి దాటాక, అవ్వ మిగతా పాట బర్రెకు పాడుకునేది. నిలబడ్డచోటే ఆ నాలుగు వరుసలూ మొదటి నుంచి పాడాను. ఈసారి గొంతు వచ్చింది. అయిపోయాక వెనక నుంచి మెల్లగా వినిపించింది, "చేపింది." చాయ్ గ్లాసులతో అందరూ గేటు దగ్గర నుంచి వచ్చి నా వెనక నిలబడి ఉన్నారు. అందరికంటే ముందు యూసుఫ్ ఉన్నాడు. వెళ్లేటప్పుడు అఫ్జల్‌గంజ్ దాకా దింపాడు, ఎనభైకే.

ఇంటికొచ్చి మా ఆవిడకు పాట మొత్తం పాడి వినిపించాను. "అయితే మీ అవ్వకు ముందే తెలుసన్నమాట నువ్వు దొంగవని" అని, చొక్కా వీపు చూసి నీళ్లలో నానబెట్టింది. నాకైతే అవ్వ నన్ను తిట్టిందనిపించలేదు. అరవై ఏళ్లు ఆ పాట నా దగ్గర సగమే ఉందని బాధపడ్డాను. తక్కిన సగంలో నేనే ఉన్నాను. నేను వెళ్లిపోయాక కూడా అవ్వ నోట్లో నా మాటే ఉండేది. అది తెలుసుకోవడానికి ఒక పూటా, ఐదు కిలోల బెల్లమూ పట్టాయి. ఎక్కువేం కాదు.

మీరు వెళ్తే ఒక్కటే చెప్తాను. మూడింటికి పాటలు అయిపోయాయని, చాయ్ తాగి గ్లాసు పెట్టేసి బయల్దేరకండి. పాలు పిండడం అయ్యేదాకా ఉండండి.