తెరకు అవతలి పక్క

ఉప్పునుంతల మాదిగవాడలో పుట్టిన ఇస్రాయేలుది ఎడమచేతివాటం. ఆ చేత్తో ముద్ద తింటే తల్లి కొట్టింది. ఆ చేత్తో గంప అందించినందుకు పటేలు కళ్లంలోంచి తరిమేశాడు. నడివయసు వచ్చేదాకా ఆ చేతిని ఒక తప్పులాగా దాచుకుని తిరిగాడు పాపం.

అటువంటివాడికి నాగర్‌కర్నూల్ వకీలు వెంకటన్న దగ్గర పని దొరికింది. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన రోజులవి. జనాన్ని మేల్కొల్పాలని వకీలు బొంబాయి నుంచి చేత్తో తిప్పే బొమ్మల యంత్రం తెప్పించాడు. దూరదేశాల మూగ సినిమాలు, అన్నీ కూలీల కష్టాలవే, ఊరూరా ఉచితంగా చూపించేవాడు. యంత్రాన్ని బండిలో తీసుకెళ్లడం, గుంజలు పాతడం, తెర కట్టడం, పొద్దుగూకగానే ఆ తెరను నీళ్లతో తడపడం ఇస్రాయేలు పని. గుడ్డ తడిస్తే బొమ్మ వెనకవైపు కూడా కనిపిస్తుంది. ఊరు తెర ముందు కూర్చుంటుంది కదా, మాలమాదిగలు వెనక కూర్చోవాలి మరి. మనుషులంతా ఒకటేనని చెప్పే సినిమాకైనా ఆ ఏర్పాటులో మార్పు లేదు.

వెనక నుంచి చూస్తే కుడి ఎడమవుతుందని ఇస్రాయేలుకు ఎవరు చెప్పాలి? తెర మీద తెల్లకూలీలు ఎడమచేత్తో సుత్తి కొట్టారు, ఎడమచేత్తో రొట్టె తిన్నారు, ఎడమ పిడికిలి ఎత్తారు. అతనికి ప్రాణం లేచొచ్చింది.

"ఆ దేశంల అందరు నా లెక్కనే. ఎడమచెయ్యని ఎవడు తిట్టడు" అని వాడంతా చెప్పుకుని మురిసిపోయాడు. భార్య భీమమ్మ ఎదుట దర్జాగా ఎడమచేత్తోనే తినడం మొదలుపెట్టాడు.

ఇక మిగిలింది ఒకే ఒక్క కోరిక. ఆ మనుషులను ఒక్కసారి ముందు నుంచి, కళ్లనిండా చూడాలి. తిమ్మాజిపేటలో ధైర్యం చేసి అడిగేశాడు.

"వకీలు సాబ్, ఇయ్యాల జర ముంగట కూసుంట. ఓ మూలకే."

వెంకటన్న మంచివాడే. మంచివాళ్లు చెప్పే మాటే చెప్పాడు. "నాకేం లేదు ఇస్రాయేలు. నువ్వు ముంగట కూసుంటే ఊరోళ్లు లేచిపోతరు. ముందు వాళ్లు మారాలె గద. జర ఓపిక పట్టు."

ఆ సాయంత్రం ఆట నడుస్తుండగా గాలికి ముందువైపు తాడు తెగింది. కట్టడానికి వకీలే ఇస్రాయేలును ముందుకు పిలిచాడు. ఇస్రాయేలు తాడు బిగించి తలెత్తి చూశాడు. తెర మీద కూలీ సుత్తి ఎత్తాడు, కుడిచేత్తో. పక్కవాడూ కుడిచేత్తోనే. రొట్టె తుంచిన ముసలమ్మా కుడిచేత్తోనే. తనలాంటివాళ్ల దేశం ఎక్కడా లేదని, తనను వెనక కూర్చోబెట్టారు కాబట్టే అట్లా కనిపించిందని అప్పుడు అర్థమైంది. 

"అందరు ఒక్క బల్ల మీదనే తింటున్నరు చూడుండ్రి!" అని వకీలు జనానికి కథ విప్పి చెబుతున్నాడు.

"ఎవడ్రా అడ్డం? అవతలికి పో!" అని ముందు వరస అరిచింది.

వకీలు గొంతు తగ్గించి, "పో ఇస్రాయేలు, పో" అన్నాడు.

ముందు నుంచి చూశానని భీమమ్మకు చెప్పాడు గానీ, కుడిచేతుల సంగతి మాత్రం చెప్పలేదు. తర్వాతి ఆట ఉప్పునుంతలలోనే, ఆ ఊళ్లో అదే మొదటిది. ఆ రోజు ఇస్రాయేలు తెర మీద చుక్క నీళ్లు చల్లలేదు. చూపిస్తే తనవాళ్లకూ ముందు నుంచే చూపించాలి, లేకపోతే వద్దు. వకీలు వచ్చి ఎందుకు తడపలేదని నిలదీస్తాడని, అప్పుడు ఈ మాట మొహం మీదే చెప్పాలని కాచుకుని కూర్చున్నాడు. ఎవరూ రాలేదు. తడి లేకపోతే ముందువాళ్లకు పోయేదేముంది? బొమ్మ ఇంకా బాగా కనిపించింది. చూశారు, ఏడ్చారు, చప్పట్లు కొట్టారు. వెనక మాత్రం మసక వెలుగు తప్ప ఏమీ లేదు.

తిట్లన్నీ ఆ వెనక నుంచే వచ్చాయి. అందరికంటే గట్టిగా అరిచింది భీమమ్మ.

"నువ్వు ముంగట నుంచి జూసొచ్చినవ్. మాకు ఎనక నుంచి గూడ లేకుండ జేసినవ్. ఎవలి మీద నీ కోపం?"

ఇస్రాయేలు లేచి, బిందె ఎత్తి, ఆట మధ్యలో తెర తడిపాడు. బొమ్మ తేలింది. ఎడమ పిడికిళ్లు ఎత్తుకుని కూలీలు కదిలివచ్చారు. వెనక జనం సంబరంగా ఈలలు వేశారు.

"నువ్వు జెప్పింది నిజమేనయ్యా, అందరిది ఎడమచెయ్యే!" అని భీమమ్మ మురిపెంగా మొగుణ్ణి పిలిచింది.

అతను అప్పటికే ఎడ్ల దగ్గరికి పోయి ఏడుస్తున్నాడు.