చిటికెన వేలంత గొట్టాలు

ఊబ్బో హార్మ్స్ చెవులు ఒక్కసారిగా పోలేదు. పైనుంచి కిందికి మెట్టు మెట్టుగా పోయాయి. ముందు కీచురాళ్ళు వినిపించడం మానేశాయి, తరవాత పిచ్చుకలు. నలభై ఏళ్ళు చర్చి ఆర్గన్ వాద్యాలు కడుతూ, వాటి గాలి గొట్టాల నోళ్ళకు చెవి ఆనించి పనిచేసినవాడికి అది వింతేమీ కాదు. ఉరుము వినిపించేది, మనుషుల మాట వినిపించేది, పెద్ద గొట్టాలన్నీ వినిపించేవి. చిటికెన వేలంత గొట్టాలు మాత్రం అతనికి మూగవి.

భార్య త్యాల్డాకు తప్ప ఆ సంగతి ఈ సముద్రపు గట్టు ఊళ్ళలో ఎవరికీ తెలియదని అతని నమ్మకం. శ్రుతి చేసేటప్పుడు దీపం పట్టే వంకతో ఆవిడ ఆర్గన్ గూట్లోకి అతని వెనకే దూరేది. గొట్టం హెచ్చుగా పలికితే వీపు మీద ఒక వేలు, తగ్గితే రెండు వేళ్ళు, కుదిరితే అరచెయ్యి. అలా నాలుగు ఆర్గన్లు ముగించారు. జనం వాటిని విని కళ్ళు తుడుచుకున్నారు.

కానీ తెలిసినవాడు ఇంకొకడున్నాడు. రెమ్మర్ ఆరేళ్ళు అతని దగ్గర పనిచేశాడు. ఆఖరి ఏడు తన నేర్పు చూపించడానికి అన్నిటికన్నా సన్నని గొట్టాల వరస ఒకటి తయారుచేశాడు. నలభై ఎనిమిది గొట్టాలు. రేకు పోసింది తనే, గీకింది తనే, అతికింది తనే. అందులో ఒకటి తీసి ఊది చూపించాడు.

"పలకడం లేదురా," అన్నాడు ఊబ్బో.

"పలుకుతోంది మేస్త్రీ. సరిగ్గా వినండి."

"నాకు వినడం నేర్పుతావా? గాలి తప్ప ఏముంది ఇందులో? గొట్టాలు చెయ్యమంటే గడ్డిపరకలు చేశావు."

నలభై ఎనిమిదింటినీ దోసిళ్ళతో ఎత్తి, కాగుతున్న సీసంలో పోశాడు. త్యాల్డా గుమ్మంలోనే ఉంది. ఆ గొట్టం ఎంత తియ్యగా పలికిందో ఆవిడ విన్నది. నోరు విప్పితే మొగుడి గుట్టు రట్టవుతుందని ఊరుకుంది. రెమ్మర్ ఆవిడ మొహం చూశాడు. అంతా అర్థమైంది. మర్నాడే వెళ్ళిపోయాడు.

ఎనిమిదేళ్ళు గడిచాయి. మార్‌హూవ చర్చిలో ఊబ్బో రెండేళ్ళు కష్టపడి పన్నెండో ఆర్గన్ కట్టాడు. ఎండిన ఓక్ చెక్క, మంచి తగరం, ఎక్కడా రాజీ లేదు. ఇంక మిగిలింది పరీక్ష. నెగ్గితే వాయించే మెట్ల పైనున్న చెక్క పలకలో అతని పేరు చెక్కుతారు. ఓడితే ఈ గట్ల మీద మరే చర్చీ అతన్ని గడప తొక్కనివ్వదు. పరీక్షకుడు పొరుగూరి నుంచి రావాలి, అన్ని వరసలూ వాయించి చూడాలి, చివర ఏదో ఒక గొట్టం చూపించి పెద్దల ముందు శ్రుతి చెయ్యమనాలి. అది పేరుకే. ఆర్గన్ కట్టినవాడు ఒక పెద్ద గొట్టానికి తగిలీ తగలనట్టు ఒక దెబ్బ వేస్తాడు, అందరూ పంది మాంసం, చిక్కుళ్ళు తినడానికి లేస్తారు.

ఆ రోజు నల్ల కోటు తొడుక్కుని వచ్చిన పరీక్షకుడు రెమ్మర్. ఇప్పుడతను రేవు పట్నంలో ఆర్గన్ వాయించేవాడు.

పొద్దుటి నుంచి వాయించాడు, ఒక్క వంక పెట్టలేదు. "గాలి నిండుగా ఉంది. చెయ్యి తిరిగిన పని," అని పెద్దలతో చెప్పాడు. ఊబ్బో గుండె కుదుటపడింది.

"ఇంకొక్కటే, మేస్త్రీ. పై వరసలో, అన్నిటికన్నా చిన్నవాటిలో, నడిమి గొట్టం. రవ్వంత తగ్గింది. ఎక్కించండి."

త్యాల్డా దీపం తీసుకుని లేచింది. సముద్రపు గట్టు బాగోగులు చూసే ఊరి పెద్ద హాయో చెయ్యి అడ్డం పెట్టాడు. "పట్టపగలు దీపమెందుకమ్మా? పరీక్ష నాడు కట్టినవాడొక్కడే లోపలికి. కట్టుబాటు."

ఊబ్బో ఒక్కడే గూట్లోకి దూరాడు. రెమ్మర్ మెట్టు నొక్కాడు. పోల్చుకోవడానికి ఎప్పుడూ వాయించే పెద్ద గొట్టం మోగింది, అది వినిపించింది. దాని పక్కన చిన్నది కూడా పలుకుతోందనే అనుకున్నాడు. వేలి వేడి తగిలినా, ఊపిరి సోకినా అంత చిన్న గొట్టం శ్రుతి తప్పుతుంది. అందుకే పనితనం తెలిసినవాడు దాన్ని ముట్టడు, మొహం దగ్గరికి పెట్టడు. ఊబ్బో ఊపిరి బిగబట్టి, శ్రుతి పెరిగేలా ఇత్తడి మొనతో గొట్టం అంచును మెల్లిగా విప్పాడు.

"ఎలా ఉంది?"

"ఇంకొంచెం, మేస్త్రీ."

మళ్ళీ విప్పాడు.

"ఇప్పుడు?"

"మీరే చెప్పండి. చెవి మీదేగా."

"కుదిరింది."

"నిజంగానా?"

"నీకు పని నేర్పినవాణ్ణిరా! ఇంతకన్నా కుదరదు."

కింద ఎవరో కిసుక్కుమన్నారు. ఇంకెవరో బల్ల చరిచారు. ఆ నవ్వు ఎందుకో ఊబ్బోకు అంతుపట్టలేదు. అప్పుడు, పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ చెయ్యని పని చేశాడు. గొట్టం నోటికి పెదవి ఆనించాడు. గాలి లేదు.

బయటికి వచ్చి చూశాడు. పై వరసకు గాలి వదిలే పిడిని రెమ్మర్ లాగనే లేదు.

"మీరు విన్నది ఏ గొట్టాన్ని, మేస్త్రీ?" అంటూ రెమ్మర్ పిడి లాగి మెట్టు నొక్కాడు. శ్రుతి తప్పిన ఆ కీచుకు జనమంతా చెవులు మూసుకున్నారు. త్యాల్డా ఒక్కతే చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఊబ్బోకు పెద్ద గొట్టం తప్ప ఏమీ వినిపించలేదు.

"నావి నలభై ఎనిమిది పోయాయి. మీది ఒక్కటేగా," అన్నాడు రెమ్మర్, అతనికి మాత్రమే అందేలా.

పెద్దలు అక్కడే తేల్చడానికి కూర్చున్నారు. త్యాల్డా లేచి నిలబడింది. "ఆ వరసలు శ్రుతి చేసింది నేనే. ఆయన చెయ్యి, నా చెవి. ఈ పూట పొద్దున ఆ గొట్టం కూడా సరిగ్గానే ఉంది."

"అంటే ఆయన చెయ్యలేదని నువ్వే ఒప్పుకుంటున్నావు," అన్నాడు హాయో. "రాసుకోండయ్యా."

రెమ్మర్ ఆ ఒక్క గొట్టం సరిచేశాడు. పావుగంట పని. పలకలో రెమ్మర్ పేరే చెక్కారు.

ఊబ్బోను మరే చర్చీ పిలవలేదు. ఆఖరికి మార్‌హూవ వాళ్ళే జాలిపడి, చెవులతో పనిలేని కొలువు ఇచ్చారు. ఆర్గన్ వెనక అడ్డకర్ర పట్టుకుని నిలబడి, గొట్టాలకు గాలి అందించే తిత్తులు తొక్కడం. తను కుట్టిన తోలు, తను దిగ్గొట్టిన మేకులు. అతను తొక్కాడు.

రెండో చలికాలం అరికాలికి ఒక తేడా తెలిసింది. తిత్తి దిగాల్సిన దానికన్నా తొందరగా దిగుతోంది. లోపల గాలి పెట్టె తోలు ఎక్కడో విడుస్తోంది, ఇప్పుడే అతకకపోతే ఈస్టర్‌కి చెక్క కూడా చీలుతుంది. మొదటి పాట కాగానే పాస్టర్ వియార్డ్ దగ్గరికి వెళ్ళి చెప్పాడు.

పాస్టర్ అతని చెవి దగ్గర వంగి గట్టిగా అరిచాడు. "గాలి పోతున్న చప్పుడు నీకు వినిపించిందా, ఊబ్బో?"

పాటల బల్ల మీదున్నవాళ్ళు పడీ పడీ నవ్వారు. రెండో పాటకు గంట కొట్టారు. ఊబ్బో వెనక్కి వెళ్ళి కర్ర పట్టుకున్నాడు. పోయే గాలి పోగా పాటకు తక్కువ పడకుండా, ఆ పూట అతను రెండింతలు తొక్కాడు.