పలక మీద పదిహేడు

సరస్సు రేవులో ఈతకొచ్చే వాళ్ళందరికీ పలకాయన తెలుసు. పొద్దున్నే చెక్కవంతెన చివరిదాకా నడుస్తాడు. తాడుకు కట్టిన థర్మామీటరును నడుము లోతుకు దించి, కాసేపాగి పైకి లాగుతాడు. పైపై నీళ్ళను నమ్మడు. కాస్త ఎండ తగిలితే చాలు, అవి పొగడ్తకు పొంగిపోయే మనిషిలా వెచ్చబడిపోతాయట. చూసిన అంకెను గట్టు మీది నల్లపలక మీద సుద్దతో రాస్తాడు. ఆయన ఇరవై అని రాస్తే ఇరవయ్యే. ఇంతా చేసి ఆయనకు ఈత రాదు!

ఈత వచ్చింది ఆయన అక్కకి. ఏటా వేసవి ముఖం చూపించగానే అందరికన్నా ముందు దిగేది ఆవిడే. కానీ మొన్న చలికాలంలో వంటగదిలో గుండె పట్టుకుని కూలబడింది. కోలుకున్నాక డాక్టరు, "నీళ్ళు ఇరవై డిగ్రీలు దాటితే ఈదొచ్చు. ఒడ్డు వెంబడే, పక్కన తోడుంటేనే" అన్నాడు. పక్కనే ఉన్న తమ్ముడి చెవికి ఇరవై అన్న మాట తప్ప మరొకటి ఎక్కలేదు. ఇరవై దాటకుండా చూడటం తన చేతిలో పనే కదా!

అంతే. ఎండలు ముదిరాయి, నీళ్ళు వెచ్చబడ్డాయి, పలక మీద మాత్రం పదిహేడు కదల్లేదు. ఈతగాళ్ళు పలక చూసి, నిట్టూర్చి, తువ్వాలు భుజాన వేసుకుని వెనక్కి పోయేవారు.

"ఈగలు తోలుకుంటున్నానన్నా. ఈ నీళ్ళకేం రోగం?" అని అడిగింది టీకొట్టామె.

"కొండ మీద మంచు ఇంకా కరుగుతోందమ్మా" అన్నాడు, ఆమె ముఖం చూడకుండా.

మర్నాడు అక్క వచ్చింది. పలక చూసింది. చెక్కవంతెన మీద మెల్లగా కూర్చుని, చెయ్యి చాచి, మోచేతిని నీళ్ళలో ముంచింది.

"ఒరేయ్, ఇది పదిహేడా?"

"థర్మామీటరు అబద్ధం చెప్పదక్కా."

"అది చెప్పదు, నువ్వు చెబుతావు. అబద్ధమాడినా అతికినట్టుండాలిరా! పసివాడిగా ఉన్నప్పుడు నీకు లాల పోసింది నేను, ఈ మోచెయ్యి పెట్టి చూసే. ఒక్కనాడన్నా నీకు నీళ్ళు కాలాయా? చలేసిందా?"

పలకాయన దాచుకున్నదంతా ఒక్కసారిగా తన్నుకొచ్చింది. "నువ్వు మళ్ళీ పడిపోతే నేనేమైపోవాలక్కా?" అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అక్క కోపం చప్పున చల్లారింది. "అందుకని అందర్నీ ఒడ్డున కూర్చోబెడతావా, పిచ్చి నాయనా? డాక్టరు తోడుండాలన్నాడు. ఆ మాట వినలేదే నువ్వు?"

"నాకు ఈత రాదుగా!"

"నడుము లోతు నీళ్ళకి ఈతెందుకురా? కాళ్ళున్నాయిగా, నడువు."

పలకాయన గట్టు మీదికి వెళ్ళి, పదిహేడును తుడిచి, ఇరవైరెండు అని రాశాడు. చెప్పులు విడిచి, చొక్కా విప్పి, ఒక్కో అడుగే నీళ్ళలోకి వేశాడు.

"అమ్మో, చలక్కా!"

"పలక చదువుకో" అంది అక్క, అప్పటికే నీళ్ళలో ఉండి.

టీకొట్టామె పొయ్యి వెలిగించింది. ఒకరొకరుగా జనం దిగసాగారు. అక్క ఒడ్డు వెంబడి వెల్లకిలా నింపాదిగా ఈదింది. పక్కనే, ఆవిడ వీపు కింద అరచెయ్యి పెట్టీ పెట్టనట్టు ఉంచి, ఆవిడ ఈదినంత మేరా తమ్ముడు నడిచాడు.