మాప్ కర్రకు మీసాలు

ఆ రోజుల్లో నాకు ముప్పై ఏళ్లు కూడా నిండలేదు, భయం మాత్రం అరవై ఏళ్ల మనిషికి సరిపడా ఉండేది. మా ఆయన పోయిన నాలుగో నెలలోనే జెద్దా వచ్చి, ఒక ఆసుపత్రిలో ఊడ్చే తుడిచే పనిలో చేరాను. అక్షరం ముక్క రానిదాన్ని. ఇప్పుడు కూడా నేను చెబుతుంటే నా గదిలో ఉండే పిల్ల రాస్తోంది (సగం పొద్దు దానికి నవ్వుకే సరిపోతోంది). వచ్చేటప్పుడు ఎనిమిదేళ్ల నా కొడుక్కి ఒక్క మాట ఇచ్చాను. "మీ నాయిన సంవత్సరీకం నాటికి వస్త బిడ్డా, నీ పక్కన కూసుంట." రెండేళ్లు నిండితే తప్ప కంపెనీ సెలవు ఇవ్వదని ఆ మాట ఇచ్చేనాటికి నాకు తెలియదు.

ఆసుపత్రి కింది అంతస్తులో లాండ్రీ ఉండేది. అందులో పనిచేసేది అంతా మగవాళ్లే, ఆడవాళ్లు గడప దాటకూడదని గట్టి కట్టడి. ఒక మధ్యాహ్నం నమాజు వేళ అందరూ వెళ్లిపోయారు, నేను బయట వరండా తుడుస్తున్నాను. బట్టలు ఆరబెట్టే మిషన్ దగ్గర ముందు మాడు వాసన, ఆ వెంటనే పొగ. అరిచాను, పలికే దిక్కు లేదు. కట్టడి సంగతి నా కాళ్లకు గుర్తు రాలేదు. లోపలికి దూరి, నా చేతికి అందని మెయిన్ స్విచ్‌ను మాప్ కర్రతో కొట్టి కిందికి దించి, తడి దుప్పట్లు దొరికినన్ని ఈడ్చుకొచ్చి మంట మీద పడేశాను. మంట చచ్చింది. కట్టడి అప్పుడు గుర్తొచ్చింది. మాప్ అక్కడే వదిలేసి, దొంగతనం చేసినదానిలా పరుగెత్తి మూడో అంతస్తులో తేలాను. ఎవరికీ చెప్పలేదు.

చదువు రానివాళ్లకు ఆఫీసు కాగితాలు చదివి చెప్పేది మా సూపర్‌వైజర్, హైదరాబాద్ భాయ్. మూడు రోజులకు మమ్మల్నందరినీ నిలబెట్టి ఒక ఇంగ్లీషు కాగితం తెలుగులో చదివాడు. "లాండ్రీల మంటలు లేస్తే మన వర్కరొకడు పానానికి తెగించి, పొగల దుంకి, పెద్ద ప్రమాదం ఆపిండు. ఆయన ఆఫీసుకు రావాలె. నెల రోజుల సెలవు, రానుపోను టికెట్." వింటుంటే నాకు కూడా నిలువెత్తు మనిషి, ఇంతింత మీసాలు, పొగను చీల్చుకుంటూ వస్తున్నట్టే కనిపించాడు. పొగల దుంకేంత పని నేనేం చేశాను, కర్రతో స్విచ్ కొట్టాను. నేను పరుగెత్తాక ఎవరో మహానుభావుడు వచ్చి అసలు మంట ఆర్పి ఉంటాడు, చల్లగా ఉండనీ అనుకున్నాను (నా అంత తెలివిగలది ఈ జెద్దాలో ఇంకొకతె ఉండి ఉండదు).

ఆ మహానుభావుడు ఎవరని వెతుకులాట మొదలైంది. అందరి కళ్లూ రిపేర్లు చేసే పానా మామ మీద పడ్డాయి. మా పక్క మండలం మనిషి, చేతిలో ఎప్పుడూ నట్లు బిగించే పానా ఉండేది కాబట్టి ఆ పేరు. మొదటి రోజు "నేను గాదురా నాయనా" అన్నాడు. రెండో రోజు చాయ్ పోసి అడిగితే "ఏమో, పొగ వాసనైతే అచ్చింది" అన్నాడు. మూడో రోజుకు నన్నే పట్టుకుని, "నాకు సరిగ యాదికి లేదు బిడ్డా, గానీ ఇంతమంది అంటున్నరంటే నేనే అయ్యుంట" అన్నాడు. పాపం, అబద్ధం కూడా ఆడలేదు.

టికెట్ చేతికొచ్చిన రోజు ఆయనకు ఆఫీసులో దండ వేశారు. పక్కనే గోడకు ఆనించి, మంట ఆర్పిన ఆయుధమని ఒక మాప్ పెట్టారు. దాని మెడకు ఎర్ర పీలిక ఉంది. నా పాత చీర అంచు అది. పదిమంది మాపుల్లో నాది గుర్తుండాలని నేనే కట్టుకున్నాను.

సంవత్సరీకానికి ఇక ఇరవై రోజులే. భాయ్ దగ్గరికి పోయి ఉన్నదంతా చెప్పాను. ఆయన నవ్వాడు. "అరె చెల్లె, లాండ్రీలకు ఆడోళ్లెట్ల పోతరు? కాగితంల మొగోడనే ఉన్నది." ఆ కాగితం తీసుకుపోయి వార్డులో మలయాళీ నర్సమ్మకు చూపించాను. రెండుసార్లు చదివి, పనిచేసే మనిషి అని మాత్రమే ఉంది, మగా ఆడా అని ఎక్కడా లేదని చెప్పింది. మళ్లీ భాయ్ దగ్గరికి పోయాను.

"మొగోడని లేదట గద భాయ్?"

"రాస్తేనేనా? చదివితే అర్థమైతలేదా?" అన్నాడు. తర్వాత నా మొహం చూసి గొంతు తగ్గించాడు. "నిజంగ నువ్వే అయినా నోరు మూసుకో చెల్లె. మొగోళ్ల జాగలకు పోయినవని ముందుగాల నీకే వార్నింగ్ ఇస్తరు. టికెట్ ఎటూ రాదు, ఉన్న పని పోతది."

నోరు మూసుకున్నాను. కొడుక్కి కొన్న కొత్త చొక్కా, రెండు డబ్బాల ఖర్జూరం పానా మామ చేతికే ఇచ్చి పంపాను. సంవత్సరీకం రోజు ఫోన్ చేస్తే మా అత్త ఎత్తింది.

"గా అన్న అచ్చిండే. కాళ్లు మొక్కిన. ఆయనే లేకుంటె నువ్వు గాడ బూడిదైపోదువట గదా! నువ్వు గూడ మొక్కు."

"మొక్కుత అత్తమ్మా."

నా కొడుకు ఫోన్ లాక్కున్నాడు. రానందుకు ఏడుస్తాడనుకున్నాను. "అమ్మా, మామ నా పక్కన కూసున్నడే. మంటలల్లకు దుంకిండట గదా, నువ్వు సూసినవా?"

"అక్కడనే ఉన్న బిడ్డా" అన్నాను.

ఇన్నేళ్లయినా ఆ ఎర్ర పీలిక తలుచుకుంటే కడుపు మండుతుంది. అందరినీ తిట్టుకుంటూనే ఉన్నాను, మొన్నటిదాకా. మొన్న ఇదే ఆసుపత్రిలో మా వార్డుకు కొత్తగా పెద్ద డాక్టర్ వస్తున్నారని, నేల అద్దంలా ఉండాలని చెప్పారు. నేను తుడుస్తుంటే ఒకామె వచ్చి సరిగ్గా గుమ్మంలో, తడి నేల మీద నిలబడింది. "జర పక్కకు జరుగమ్మా, పెద్ద డాక్టర్ వస్తున్నాడు" అని నాకొచ్చిన హిందీలో కసిరాను. ఆమె జరిగి నా పక్కన నిలబడింది. నర్సులంతా వచ్చి ఆమెకు సలాం కొట్టేదాకా, మాప్ పట్టుకుని నేను తలుపు వైపే చూస్తూ నిలబడ్డాను, ఆ మీసాలాయన కోసం.