ఆత్మకూర్ మగ్గం మీద ఒంటికాలి పిట్ట

అది 2019 ఎండాకాలం. నల్లగొండలో పానగల్ పోయే రోడ్డు మీద మా ఇల్లు. మేడ మీది గదిలో ఒక కూలర్, రెండు కంప్యూటర్ తెరలు, నేను. కంపైలర్‌ను బాగుచేస్తూ ఉండడం నా పని. మనుషులు రాసిన ప్రోగ్రామును మిషన్‌కు అర్థమయ్యే అంకెల్లోకి మార్చేది కంపైలర్. దానికి జోడుగా డీబగ్గర్ ఉంటుంది. నడుస్తున్న ప్రోగ్రామును మధ్యలో ఆపి, ఆ క్షణాన దాని మెమరీలో ఏముందో చూపించే పనిముట్టు అది. మాది ఓపెన్ సోర్స్. అంటే ఎవరైనా ఊరికే తీసుకుని వాడుకోవచ్చు, తప్పు కనిపిస్తే చెప్పొచ్చు, చేతనైతే సరిదిద్దొచ్చు. ఏదో ఒక దేశంలో ఎవరో ఒకరు ఎప్పుడూ దాని మీద పని చేస్తూనే ఉంటారు. "ఊరికె ఇచ్చేదానికి నీకు జీతం ఎవరిస్తున్నరే" అని మా అమ్మ ఏళ్లుగా అడుగుతోంది. వాడుకునే కంపెనీలే కొన్ని కలిసి ఇస్తాయని చెబితే ఆమెకు ఇప్పటికీ నమ్మకం కుదరలేదు.

అప్పట్లో నాకు కొంచెం పొగరు ఉండేది, ఒప్పుకోవాలి. "మీ కంపైలర్‌లో తప్పుంది" అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి రాసినవాళ్ల ప్రోగ్రామే కారణం. అలాంటివి సగం చదవగానే జవాబు కొట్టడం మొదలుపెట్టేదాన్ని.

ఆ మే నెలలో వచ్చిన ఒక ఫిర్యాదు ఇంగ్లీషులో మొదలై మూడో వాక్యం నుంచి తెలుగులోకి తిరిగింది. "మా అమ్మ జనవరిలో చనిపోయింది. ఆమె గీసిన బొమ్మ మా బాపు నేసే చీరల మీద వస్తోంది. ఆ బొమ్మ ఏ ఫైల్లోనూ లేదు. దయచేసి ఆపండి." కింద సుజాత అని పేరు, ఆత్మకూర్ అని ఊరు, ఫోన్ నంబరు ఉన్నాయి. ఎవరో ఆటపట్టిస్తున్నారేమో అనుకున్నాను. అయినా మన వైపు ఊరే కదా అని ఫోన్ చేశాను.

సుజాత మండల ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటర్. తండ్రి నర్సింహులు పట్టుచీరలు నేస్తాడు. చనిపోయిన తల్లి పేరు సత్యమ్మ. వాళ్ల మగ్గం మీద కరెంటు జకార్డు పెట్టె ఉంది. పడుగు పోగుల్లో వేటిని ఎప్పుడు పైకి లేపాలో ఆ పెట్టెలోని చిన్న కంప్యూటర్ కొక్కేలకు చెబుతుంది, దాన్నిబట్టి బుటా పడుతుంది. చీర ఒళ్లు అయిపోయి కొంగు మొదలయ్యే ముందు నాలుగు వేళ్ల మందం ఖాళీగా, సాదాగా ఉండాలి. ఆ ఖాళీలో ప్రతి చీరకూ ఒక పిట్ట పడుతోందట. పడుగు ఇచ్చే సావుకారు రెండు చీరలు వాపసు పంపాడు. వారం లోపల ఇది ఆగకపోతే పెట్టె విప్పించి వేరే ఇంట్లో పెట్టిస్తానన్నాడు. ఆ పెట్టె పోతే నర్సింహులుకు మగ్గం లేనట్టే, వేరే పని చేసే వయసు కాదు. పెట్టె తయారుచేసినవాళ్లేమో తమ దగ్గరి పెట్టెలో నడిపి చూసి, అంతా బాగానే ఉందని తేల్చి, తప్పు కంపైలర్‌దే అయ్యుంటుందని మా అడ్రసు ఇచ్చి చేతులు దులుపుకున్నారు.

పెట్టె స్విచ్ బంద్ చేసి, పది నిమిషాలు ఆగి, మళ్లీ వేసి చూడమన్నాను. మా వృత్తిలో మొదటి మందు అదే. 

"బాపు బంద్ చెయ్యనిస్త లేడు మేడం" అన్నది సుజాత.

ఎందుకని అడిగితే చెప్పలేదు. నాకు చిరాకేసింది. తండ్రికి నచ్చజెప్పి మళ్లీ ఫోన్ చేయమని పెట్టేశాను.

పెట్టెవాళ్ల దగ్గర తీసుకుని ఆమె ఫిర్యాదుకు జతచేసిన ప్రోగ్రామును నా దగ్గరున్న అలాంటి చిన్న బోర్డు మీదే నడిపాను. కొక్కేలకు బదులు బుల్లి లైట్లు పెట్టాను. డీబగ్గర్‌తో ఒక్కో మెట్టు ఆపుతూ చూశాను. ఖాళీ రావాల్సిన చోట ఖాళీయే వచ్చింది. డీబగ్గర్ తీసేసి, వాళ్ల పెట్టెలో ఉన్నది ఉన్నట్టుగా నడిపాను. అప్పుడూ ఖాళీయే. ఇట్లా మూడు రోజులు. ప్రోగ్రాం అదే, బోర్డు అలాంటిదే, కానీ పిట్ట ఆ ఒక్క ఇంట్లోనే వస్తోంది. దయ్యాలంటే నాకు నవ్వు. అయినా మూడో రోజు మధ్యాహ్నం అంచువి తప్ప బుల్లి లైట్లన్నీ ఒకేసారి ఆరిన ఆ ఖాళీ దగ్గర, అవి ఇప్పుడు వెలిగితే ఎట్లా అని నాకు నిజంగానే భయం వేసింది. మర్నాడు పొద్దున్నే సంచి సర్దుకున్నాను.

దేవరకొండ, కల్వకుర్తి, వనపర్తి బస్సులు మారి ఆత్మకూర్‌లో దిగేసరికి ఎండ నడినెత్తిన ఉంది. అందరూ తిండికి లేచిన వేళ, వీధిలో మగ్గాలన్నీ ఆగి ఉన్నాయి. ఒక్క ఇంట్లోంచి మాత్రం చప్పుడు వస్తోంది. అదే ఇల్లు అని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

లోపల చీకటిగా, చల్లగా ఉంది. గుంత మగ్గంలో నర్సింహులు కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి, తెల్ల బనీను. తలపైన జకార్డు పెట్టె, దాని మూలన, పెట్టె నడుస్తున్నంతసేపూ వెలిగే చిన్న ఎర్ర లైటు. పెట్టె పక్కన నాలుగు బాణం బటన్లు, మధ్యలో చుక్క బటను, అరచేతిలో సగం తెర. గుంత పక్కన ఒక స్టూలు ఉంది. నేను దాని మీద కూర్చోబోతే సుజాత చెయ్యి పట్టుకుని ఆపి, వేరే కుర్చీ తెచ్చి వేసింది.

నర్సింహులు నా వైపు చూడకుండానే అన్నాడు: "కూసో బిడ్డా. ఇంకో జానెడు నేస్తె వస్తది."

జానెడు నేశాడు. బుటాలు అయిపోయాయి. ఇక సాదా భాగం. ఇక్కడ అంచు కొక్కేలు మాత్రమే కదలాలి, చప్పుడు తేలికగా ఉండాలి. నాలుగు పేకలు అలాగే పడ్డాయి. అయిదో పేకకు పైన కొక్కేలు గుంపుగా లేచాయి. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. నర్సింహులు బట్టను చూడడం లేదు, కళ్లు మూసుకుని, పేక పోగును మోసే నాడె విసురుతున్నాడు. మొదట ఒక కాలు వచ్చింది. తర్వాత పొట్ట, రెక్క, లావు మెడ, చిన్న ముక్కు. అంతలో చప్పుడు మళ్లీ తేలికైంది.

"అయిపాయె" అన్నాడు ఆయన, కళ్లు తెరిచి.

మూడు వేళ్ల ఎత్తు పిట్ట. ఒక్క కాలే ఉంది. రెండోది ఏదని నేను అడగకముందే సుజాత మెల్లగా చెప్పింది. సత్యమ్మకు జబ్బు ముదిరాక గుంతలో దిగడం చేతకాలేదు. ఆ స్టూలు మీద కూర్చుని బటన్లు నొక్కుతూ తెర మీద చుక్క చుక్కగా ఆ పిట్టను గీసింది. మిగతా నేతగాళ్లు ఎవరూ పెట్టె మీద గీయరు, తయారైన డిజైను పెన్ డ్రైవ్‌లో తెచ్చుకుంటారు. ఆమెకు కంప్యూటర్ రాదు, బాణాలూ చుక్కా తెలుసు. ఒక పూట రెండో కాలు గీయబోతూ, నడుము నొప్పిగా ఉందని లేచి పడుకుంది. మళ్లీ లేవలేదు.

సేవ్ చేసిందా అని అడిగాను. ఆ బటను ఒకటి ఉందని కూడా ఆమెకు తెలియదన్నది సుజాత.

పెట్టె ఎందుకు బంద్ చేయనివ్వలేదని అప్పుడు నర్సింహులును అడిగాను. ఆయన ఆ ఎర్ర లైటు వైపు చూశాడు.

"ఆమె తలకాడ దీపం పదకొండు దినాలు కాపాడినం. పెద్దకర్మ కాంగనే అది తీసేసిన్రు. గీ లైటు ఆమె చేత్తోని వెట్టింది. గిది తియ్యాలని ఎవ్వలు చెప్పిన్రు?"

కరెంటు పోయినప్పుడు ఆగిపోకుండా పెట్టెకు బ్యాటరీ ఉంది. ఆయన దాన్ని జనవరి నుంచి ఒక్కసారి కూడా దిగిపోనివ్వలేదు.  సేవ్ చేయని బొమ్మ స్విచ్ ఆర్పగానే పోతుంది. నేను ఫోన్లో చెప్పిన మందు ఆయన వేసుకుని ఉంటే నేసిన చీరల మీద తప్ప ఆ పిట్ట ఈ లోకంలో ఎక్కడా మిగిలేది కాదు.

పెట్టె ఆగకుండానే డీబగ్గర్ వైరు తగిలించాలి. పొరపాటున వేరే పిన్నుకు తగిలితే పెట్టె మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. పదేళ్లుగా చేస్తున్న పనే, అయినా ఆ రోజు పిన్నులను రెండుసార్లు లెక్కపెట్టి పెట్టాను. తగిలింది. మెమరీలో బొమ్మలు గీసుకునే జాగాను వెతికి పట్టుకుని, ఒకటి ఉన్నచోట చుక్క, సున్నా ఉన్నచోట ఖాళీ పడేట్టు ల్యాప్‌టాప్ తెర మీదికి తెచ్చాను. పిట్ట వచ్చింది. సుజాత గోడకు చేరగిలబడి కింద కూర్చుంది.

పిట్ట కింద రెండు అంకెలు ఉన్నాయి. అవేమిటని సుజాత అడిగింది. గీసే గుర్తు ఎన్నో వరుసలో, ఎన్నో గడిలో ఆగి ఉందో చెప్పే అంకెలు. నేను వేలితో గళ్లు లెక్కపెట్టాను. సరిగ్గా రెండో కాలు మొదలు కావాల్సిన గడి అది. అయిదు నెలలుగా పెట్టె చీరలు నేస్తూనే, ఆ గడి దగ్గర ఆమె వేలి కోసం కాచుకుని ఉంది. ఈ మాట చెప్పాలా వద్దా అనుకుంటూనే చెప్పేశాను. నర్సింహులు ఒంగి ఆ గడిని చూశాడు.

ఇక పిట్ట బట్ట మీదికి ఎందుకు వస్తోంది? కొంగు ముందరి ఖాళీ కోసం ప్రోగ్రాం ఆ గీసుకునే జాగానే శుభ్రంగా తుడిచి కొక్కేలకు ఇస్తుంది. ప్రోగ్రాంలో తుడవమని రాసి ఉంది. కంపైలర్ మార్చి ఇచ్చిన అంకెల్లో ఆ తుడిచే మాటే లేదు. కంపైలర్ పనిని వేగం చేయడానికి, ఎవరూ చూడని జాగాను తుడవడం దండగ అనుకుని అలాంటివి తీసేస్తుంది. దాన్ని ఆప్టిమైజేషన్ అంటాం. కానీ ఈ జాగాను కొక్కేలు చూస్తాయి, ముట్టుకోవద్దు అని చెప్పే వోలటైల్ అనే గుర్తును ప్రోగ్రాం రాసినవాళ్లు పద్ధతిగా పెట్టే ఉన్నారు. అది చూశాక కూడా కంపైలర్ తీసేసింది. నా బోర్డు మీద ఎవరూ ఏమీ గీయలేదు కాబట్టి, తుడిచినా తుడవకపోయినా అక్కడ ఖాళీయే.

మా కంపైలర్‌లో ప్రతి వాక్యం ఎవరు, ఎప్పుడు మార్చారో రాసి ఉంటుంది. సుజాత ఫోన్‌తో ఇంటర్నెట్ కలుపుకుని ఆ భాగం తెరిచాను. మార్చినవాళ్ల పేరు నాదే. అంతకు ముందు ఏడాది వానాకాలంలో చేసిన మార్పు. వేగం పెరిగిందని తోటివాళ్లు మెచ్చుకున్నారు కూడా. ఒక దారిలో ఆ గుర్తును చూడడం మరిచిపోయాను. పెట్టెవాళ్లు దసరా తర్వాత ఆ కొత్త కంపైలర్‌తోనే ప్రోగ్రాం మార్చి పెట్టారు.

సిగ్గేసింది. పిట్ట రావడానికి కారణం నా తప్పేనని నర్సింహులుతో చెప్పాను.

ఆయన నాడె పక్కన పెట్టాడు. "నీ తప్పు లేకుంటె మొదటి చీరకే తుడిసిపెట్టుకపోతుండె గదా."

 సరైన ప్రోగ్రాం ఎక్కించాలంటే పెట్టె ఒకసారి ఆగాలి. సావుకారు మర్నాడు వస్తానన్నాడు. మెమరీ మొత్తం ల్యాప్‌టాప్‌లో ఒకటి, సుజాత పెన్ డ్రైవ్‌లో ఒకటి, మెయిల్లో ఒకటి దాచాను. స్విచ్ మాత్రం నేను ముట్టుకోలేదు. ఆయన ఇష్టమని చెప్పి పక్కకు జరిగాను.

"మొత్తం ఎత్తుకున్నవా?" అని అడిగాడు.

"ఎత్తుకున్న బాపు. రెండో కాలు కాడ ఆగిన జాగ సుత."

ఆయన గుంతలోంచి లేచి, చేతులు కడుక్కుని వచ్చి, స్విచ్ మీద వేలు పెట్టి నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత నొక్కాడు. ఎర్ర లైటు ఆరిపోయింది. వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే మళ్లీ మొదలవుతున్నాయి, ఆ గదిలో మాత్రం చప్పుడు లేదు.

పాత కంపైలర్‌తో తయారుచేసిన ప్రోగ్రాం ఎక్కించి, తుడుస్తుందో లేదో తెలియడానికి తెర మీద నాలుగు చుక్కలు పెట్టి, నేరుగా కొంగు ముందరి భాగానికి జరిపి నేయించి చూశాం. నాలుగు వేళ్ల మందం సాదాగా వచ్చింది. నర్సింహులు ఈసారి కళ్లు మూసుకోలేదు. ఆ ఖాళీని అరచేత్తో ఒకసారి నిమిరి, నాడె అందుకున్నాడు. పెట్టె వాళ్లింట్లోనే ఉండిపోయింది.

నేను నల్లగొండ వచ్చి నా తప్పును సరిదిద్దాను. నాదేనని అందరికీ కనిపించేట్టు రాశాను. మా పనిలో ఒక ఆచారం ఉంది. ఏ తప్పు సరిదిద్దినా, అది మళ్లీ తలెత్తకుండా ఒక చిన్న పరీక్ష ప్రోగ్రాం రాసి కంపైలర్‌తో పాటే ఉంచుతాం. ఎవరు ఏ మార్పు చేసినా మిషన్లు ఆ పరీక్షలన్నీ నడుపుతాయి. ఈ తప్పుకు పెట్టే పరీక్షలో ఏ పిచ్చిగీతలు పెట్టినా సరిపోతుంది. నేను పిట్టను పెట్టాను. ఈ అంకెల వరస వింతగా ఉందేమని మా వాళ్లలో ఒకరు అడిగితే, ఫిర్యాదులో ఉన్నదే తీసుకున్నానని రాసి ఊరుకున్నాను.

అప్పటి నుంచి ఎవరికీ ముందుగా స్విచ్ ఆర్పమని చెప్పడం మానేశాను. ఆర్పితే ఏం పోతుందో ముందు అడుగుతాను. ఎంత పిచ్చిగా రాసిన ఫిర్యాదునైనా చివరిదాకా చదువుతున్నాను.

నిరుడు నర్సింహులు ఫోన్ చేశాడు. మాటల మీద మాట, ఆ పిట్ట ఇప్పుడు ఎక్కడుందని అడిగాడు.  ఆయనతో అబద్ధం ఎందుకని ఉన్నది చెప్పాను. రోజూ ఎన్నో దేశాల్లో మిషన్లు ఆ పిట్టను మెమరీలో చుక్క చుక్కగా రాస్తాయి, తర్వాత తుడిచేస్తాయి, ఒక్క చుక్క కూడా మిగల్లేదని చూసుకుంటాయి, అదే దాని పని అన్నాను.

 వెనక ఎవరిదో మగ్గం ఆడుతున్న చప్పుడు.

"రోజూనా?" అన్నాడు.

"రోజూ."

"తుడవాలంటె ముందుగాల రాయాలె గదా బిడ్డా" అన్నాడు.