నాలుగు సిలిండర్లూ, మంగళవారం ప్రయాణమూ

మా అక్కకు మంగళ, శుక్రవారాల్లో ఏలూరులో డయాలసిస్. కొల్లేరు పక్కనున్న మా ఊరి నుంచి గుండుగొలను దగ్గర హైవే ఎక్కడానికి తొమ్మిది కిలోమీటర్లు. అందులో నాలుగు కిలోమీటర్లు చెరువుల మధ్య మట్టి గట్టే. వానలు పడితే ఆటోవాళ్లు అటు రారు. నాలుగు చక్రాలూ లాగే మా పాత డీజిల్ జీపే దిక్కు.

నాలుగైదు రోజులుగా అది గట్టెక్కలేక నల్లపొగ కక్కుతోంది. సోమవారం ఉదయం అసలు స్టార్టు కాలేదు. అప్పటికి అక్క బరువు శుక్రవారం కంటే రెండు కిలోల మూడు వందల గ్రాములు పెరిగింది. అదంతా బయటికి తీయాల్సిన నీరు. మర్నాడు తప్పిపోవడానికి వీల్లేదు.

చేపల చెరువులకు మేత లెక్కలు కట్టడం నా పని. ఇంజను గురించి నాకు ఎవరూ నేర్పలేదు. కొలిచి, రాసుకుని, అలా నేర్చుకున్నదే. తాడేపల్లిగూడెంలో మెకానిక్ సాయిబు గారు సిలిండర్లో గాలి ఒత్తిడి కొలిచే తన పాత కంప్రెషన్ గేజి నాకిచ్చారు. డీజిలు చిమ్మే ఇంజెక్టర్లు నాలుగూ విప్పి, ఒక్కో రంధ్రంలో గేజి బిగించి, ఇంజను ఎనిమిదేసి చుట్లు తిప్పి చూశాను. నాలుగు వందలకు అటూ ఇటూ రావాలి. వచ్చినవి 270, 265, 255, 265.

వరండాలోంచి అక్క అడిగింది. "ఎంతొచ్చిందిరా?"

"రెండొందల డెబ్బై."

"నా బీపీ కంటే ఎక్కువే కదా! ఇంకేం కావాలి నీకు?"

నాకు నవ్వు రాలేదు. ఒక్కో సిలిండర్లో చెంచాడు ఇంజనాయిలు పోసి మళ్లీ చూశాను. పిస్టన్ రింగులు అరిగితే నూనె సందులు మూసి అంకె బాగా పెరగాలి. పది, పదిహేను పెరిగింది, అంతే. సిలిండర్ల మీది గాస్కెట్ పోతే పక్కపక్కన రెండు పడిపోవాలి. నాలుగూ కలిసి పడటమేమిటి? ఇంజను దించితే మూడు వారాలు పడుతుంది. మూడు వారాలంటే ఆరు ప్రయాణాలు. సాయిబు గారికి ఫోన్ చేశాను.

"ఏవండీ, నాలుగూ సమానంగా పడిపోయాయండీ. రింగులేనంటారా?"

"నాలుగూ కూడబలుక్కుని ఒకేసారి అరుగుతాయా అండీ? గాలి ఫిల్టరు తీసి చూశారా, పెట్టే చూశారా?"

"పెట్టేనండీ."

"ఇంజనుకి గాలెక్కడిదండీ మరి? మీరు చేపల లెక్కలే చూసుకోండి బాబూ!"

ఫిల్టరు విప్పాను. శుభ్రంగానే ఉంది. ఇక మిగిలింది దాని పైనున్న పైపు. వరద నీళ్లలో ఇంజను నీళ్లు తాగకుండా మా వైపు జీపులకు గాలి గొట్టాన్ని పీవీసీ పైపుతో టాపు దాకా లేపుతారు. ఎండాకాలంలో చెరువులకు తవుడు బస్తాలు తోలినప్పుడు, ఆ దుమ్ము లోపలికి పోకూడదని పైపు మూతికి లుంగీ గుడ్డ రెండు మడతలు కట్టింది నేనే. విప్పడం మరిచిపోయాను. నిచ్చెనెక్కి చూస్తే తవుడు వానకు నాని, ఎండకు బిగిసి, గుడ్డంతా పిడకలా ఉంది.

దాన్ని కిందికి తెచ్చి చూపించాను. అక్క పగలబడి నవ్వింది. "మూతికి గుడ్డ కట్టి ఊపిరి పీల్చమంటే ఏ ప్రాణి పీలుస్తుందిరా?" అంటూనే ఆయాసపడి ఆగిపోయింది. నేను గడియారం చూస్తూ ఆమె ఊపిరి లెక్కపెట్టాను. నిమిషానికి ఇరవై ఎనిమిది.

మళ్లీ గేజి బిగించాను. 390, 385, 340, 390. మూడో దాంట్లో నూనె పోస్తే 380కి ఎక్కింది. అంటే అక్కడ రింగులు నిజంగానే అరిగాయి, ఎప్పటికైనా ఇంజను దించాల్సిందే. ఇన్నాళ్లూ గుడ్డ ఆ సంగతి కనబడనీయలేదు.

మంగళవారం ఉదయం రెండో ప్రయత్నానికి స్టార్టయింది. గట్టు మీద రెండో గేరులో బురద కోసుకుంటూ వెళ్తుంటే నా చెవి ఇంజను మీదే ఉంది.

"చివరికి ఎంతొచ్చిందిరా?" అంది అక్క.

"మూడొందల తొంభై, ఎనభై ఐదు, తొంభై."

"మూడే చెప్పావు."

అబద్ధం చెప్పడానికి అంకె దొరకలేదు. "ఒకటి మూడొందల నలభై."

"శుక్రవారం దాకా లాగుతుందా?"

"లాగుతుంది," అన్నాను.

ఆ తర్వాతి మంగళవారం సంగతి ఆమె అడగలేదు. హైవే కనబడేదాకా నేను గేరు మార్చలేదు.