నాన్న ఖాకీ ప్యాంటు

ఆ రోజుల్లో విశాఖలో ప్యాంటు వేసుకున్న ఆడపిల్లను చూడాలంటే సినిమా హాలుకే వెళ్లాలి. అలాంటి కాలంలో, ఆడపిల్లలు కూడా మిషన్ పని నేర్చుకోవాలని ప్రభుత్వం ఐటీఐలో మాకు కొన్ని సీట్లు కేటాయించింది. (ఆ ఫైలు మీద సంతకం పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయన కడుపు చల్లగా ఉండాలి.) ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నారు, పని నేర్చుకుంటే ఉద్యోగం వస్తుందన్న ఆశతో చేరాను. మొదటిరోజు పైన ఖాకీ చొక్కా, కింద పూల లంగా, మీద ఓణీ వేసుకుని వెళ్లాను. మేస్టారు నన్ను గుమ్మంలోనే ఆపేశారు. "ఓణీ లేతు మిషన్‌లో సుట్టుకుంటే సీటే కాదమ్మా, మనిషే దక్కదు. సోమవారం పేంటుతో రా. లేదంటే నీ సీటు ఇంకో అమ్మాయికి ఇచ్చేత్తాను" అన్నారు.

నాన్న పోర్టులో వాచ్‌మన్. ప్యాంటు మాట వినగానే అన్నం ముందు నుంచి లేచిపోయాడు.

"పేంటేసుకుని రోడ్డెక్కితే పేటలో ఏటనుకుంటారే అమ్మా?" అని నాయనమ్మతో మొరపెట్టుకున్నాడు.

నాయనమ్మ హార్బరులో చేపలు అమ్మేది. "ఒరే, నాను మోకాళ్ల మీదకి గోసి ఎట్టి సేపల గంప మోత్తేనే నువ్వు పెరిగినావు. అప్పుడు పోని పరువు ఇప్పుడెలా పోద్దిరా?" అంది. నాన్న అప్పటికీ ఒప్పుకోలేదు. నేను రెండు రాత్రులు ఏడుస్తూనే పడుకున్నాను.

సోమవారం పొద్దున్న నాన్న డ్యూటీ ప్యాంటు కోసం ఇల్లంతా గాలించాడు. అదేమో నా ఒంటి మీద ఉంది. ముందురోజే నాయనమ్మ దాన్ని టైలరు దగ్గరికి పట్టుకెళ్లి, కాళ్లు పొట్టి చేయించి తెచ్చింది. (నడుము సంగతి ఇద్దరికీ తోచలేదు.) జారిపోతున్న ప్యాంటును రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాను. నాన్న నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత మేకుకి వేలాడుతున్న తన బెల్టు తీసి నా చేతికిచ్చాడు.

"గట్టిగా బిగించుకో. మిషన్ కాడ జారకూడదు" అన్నాడు.

ఆయన మాత్రం పాత ప్యాంటుకి నాయనమ్మ ఇచ్చిన వలతాడు బిగించుకుని డ్యూటీకి వెళ్లాడు. పోర్టు గేటు దగ్గర ఎవరెంత నవ్వారో నాకు ఏనాడూ చెప్పలేదు.

ఐటీఐ అయ్యాక ఉక్కు ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. ఆ జీతంతోనే ఇల్లు నిలబడింది. ఏళ్లు గడిచేకొద్దీ బెల్టుకు కొత్త కన్నాలు పొడుస్తూ వచ్చాను, చివరికి పొడవడానికి చోటు మిగల్లేదు. మొన్న బీరువాలో కనిపిస్తే పెట్టుకుని చూశాను. రెండు కొసలూ ఒకదాన్నొకటి చూసుకోనైనా లేదు. నవ్వుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ, ఇంట్లో వలతాడేమైనా ఉందా అని వెతికాను.